అడిగితే పలికే మనిషి

మా రోజుల్లో రేషన్ కార్డు ఎందుకు రాలేదో కనుక్కోవాలంటే ఎవరి గుమ్మం తొక్కాలో ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇవాళ అదే మాట అడిగితే డీలరు మీసేవకి పొమ్మంటాడు. మీసేవ కుర్రాడు తహసీల్దారాఫీసుకి పొమ్మంటాడు. అక్కడి గుమస్తా "పైనుంచే తీసేశారండీ, మా లాగిన్‌లో ఏమీ కనబడదు" అంటాడు. పైన అంటే ఎక్కడ? ఏ ఆఫీసు? ఏ కుర్చీ? ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పేరేమిటి? జిల్లా అంతా గాలించినా చెప్పేవాడు దొరకడు. నాకు కోపం తెప్పించేది ఇదే. పథకాలు పెరిగాయి, యాప్‌లు పెరిగాయి, ఆఫీసులకి అద్దాల తలుపులొచ్చాయి. తప్పు జరిగితే "ఇది మా పొరపాటు, సరిచేస్తాం" అని ఎదురుగా నిలబడే మనిషి మాత్రం మాయమైపోయాడు.

నేను ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. పంతులు ఉద్యోగమంటే పాఠాలు చెప్పడం ఒక్కటే అనుకుంటారు. జనాభా లెక్కలు, ఓటర్ల జాబితా, పోలియో చుక్కలు, కార్డుల సర్వే, ప్రభుత్వానికి ఏది కావలసినా మమ్మల్నే ఊళ్ళమీదికి పంపేవాళ్ళు. సర్కారు పథకం పేదవాడి ఇంట్లోకి ఎలా అడుగుపెడుతుందో గడప దగ్గర నిలబడి చూసినవాణ్ణి కాబట్టే ఈ నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక కార్డంటే పేదింటికి పెద్ద ఆస్తి అయింది. సర్వేకి వెళితే వాకిట్లో నులకమంచం వాల్చేవాళ్ళు. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని పేర్లు, వయసులు, భూమి, కూలి అడుగుతుంటే, ఇంటామె నాకే తిరుగు ప్రశ్న వేసేది. "ఇదంతా ఎందుకు రాస్తున్నారు సారూ? రేపు దీనివల్ల మామీద పన్నేమన్నా పడుద్దా?" ఆమెకి జవాబు చెప్పి ఒప్పించాకే నా కలం కదిలేది. ఆ తర్వాత డప్పు చాటింపు వేయించి, పంచాయతీ ఆఫీసు ముందు జాబితా పైకి చదివేవాళ్ళం. అసలు తనిఖీ అప్పుడు మొదలయ్యేది. "వాడికి చెరువు కింద నాలుగెకరాలుంటే వాడికెందుకు కార్డు?" అని ఒకరు లేచేవారు. "మొగుడు పోయి ఇద్దరు పిల్లలతో బతుకుతున్న మనిషి, ఆమె పేరేది?" అని ఇంకొకరు. పేరు కొట్టేసినా అందరి ముందే, చేర్చినా అందరి ముందే. ఎవరి పేరన్నా వదిలేసి నేను మొహం చాటేసే వీలే లేదు. మర్నాడు పొద్దున ఆ ఇంటి బిడ్డకే నేను అక్షరాలు దిద్దించాలి.

అంతమాత్రాన అదంతా రామరాజ్యమని నేననను. ఊరి రికార్డంతా పట్వారీ, పటేళ్ళ గుప్పిట్లో ఉన్న రోజులు చూశాను. 1984లో ఆ వంశపారంపర్య ఉద్యోగాలు రద్దయ్యేదాకా భూమి కాగితం ముక్క కావాలన్నా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. జాబితా చదివేటప్పుడు దళితవాడల మనుషులు దూరంగా నిలబడేవాళ్ళు. వాళ్ళ గొంతు పెగలాలంటే పక్కన ఎవరో ఒకరు దన్నుండాలి. తూకంలో కోత ఉండేది, లేని మనుషుల పేర కార్డులుండేవి. ఈ కన్నాలు పూడ్చడానికి కంప్యూటరు రావడం మంచిదే, నేను కాదనను. నా గొడవ ఒక్కటే. అప్పట్లో అన్యాయం చేసినవాడు కళ్ళకి కనబడేవాడు. వాడి వాకిట్లో బైఠాయించొచ్చు, పైఅధికారికి అర్జీ పెట్టొచ్చు, వచ్చే ఎన్నికల్లో ఓడించొచ్చు. ఇప్పటి అన్యాయానికి ఊరూ పేరూ లేవు.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ సంగతే తీసుకోండి. వేర్వేరు శాఖల దగ్గరున్న రికార్డుల్లో పేర్లూ చిరునామాలూ పోల్చి, ఇవన్నీ ఫలానా మనిషివే అని ఒకచోట కలిపే సాఫ్ట్‌వేరు అది. నీకు కారుందని అది తేల్చిందంటే నీ కార్డు పోయినట్టే. 2014 నుంచి 2019 లోపల రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందుగా ఒక నోటీసన్నా ఇవ్వలేదు. ఈ ఏరివేతలో ఆ సాఫ్ట్‌వేరునీ వాడారు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక మనిషి ఇంటికి కారుందని కార్డు తీసేశారు. తీరా చూస్తే ఆ కారు పేరు కాస్త కలిసిన మరెవరిదో. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అప్పుడు వచ్చిన 4,91,899 దరఖాస్తుల్లో జూలై నాటికి 2,05,734 చూస్తే, 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే చూసినవాటిలోనే నూటికి ఏడుగురికి పైగా అన్నం కంచం లాగేసుకున్నారన్నమాట. లాగేసినవాళ్ళెవరు? ఒక్క పేరు బయటికి రాలేదు. మా పంచాయతీ ఆఫీసు ముందు చదివే పద్ధతే ఉండి ఉంటే ఆ తప్పు నిమిషం నిలిచేది కాదు. "వాడికి కారేంది సారూ, వాడు తొక్కేది రిక్షా గదా" అని పదిమంది ఒక్కసారే అరిచేవాళ్ళు.

ఇక వేలిముద్ర. రేషన్ షాపులకి ఈ-పాస్ మిషన్లు వచ్చినప్పటి నుంచి మా వీధి చివర షాపులో నెలనెలా ఒకటే బాధ చూస్తున్నాను. మిరపకాయలు కోసి కోసి, నాట్లు వేసి వేసి వేలి గీతలు అరిగిపోయిన ఒక పెద్దమ్మ వస్తుంది. బొటనవేలు పెడుతుంది, మిషను ఒప్పుకోదు. చూపుడువేలు పెడుతుంది, నడివేలు పెడుతుంది. కొంగుతో తుడుచుకుంటుంది. నెత్తికి రాసుకుని ఆ నూనె తడితో మళ్ళీ పెడుతుంది. వెనక వరసలో విసుగు మొదలవుతుంది.

"పెద్దమ్మా, నీ ముద్ర పడట్లే. సాయంత్రం రా. లేకుంటే ఇంట్లో ఇంకెవర్నన్నా పంపు."

"నాకింకెవరున్నారు నాయనా?"

ఆ డీలరు ఆమెను చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఆమె ఫలానా అని అతనికి తెలుసు, నాకు తెలుసు, వరసలో ఉన్న అందరికీ తెలుసు. ఇంతమంది సాక్ష్యం చెల్లదట. వేలిముద్ర పడలేదన్న కారణంతో బియ్యం ఆపొద్దనీ, వేరే గుర్తింపు చూసి ఇవ్వమనీ కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ మాట ఒక్క షాపు గోడ మీద కూడా నా కంటబడలేదు. ఆ పెద్దమ్మకి చెప్పిన నాథుడు లేడు. తెలియని హక్కుని ఆమె ఎవరి దగ్గర అడుగుతుంది?

"మిషనొస్తే ఇంతే, కొంతమందికి ఇబ్బంది తప్పదు" అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. తప్పుతుంది. తప్పించి చూపించింది మన తెలుగునేలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బు, పింఛన్లు పంచడానికి స్మార్ట్‌కార్డులు తెచ్చారు. అప్పుడూ వేలిముద్రే, అప్పుడూ మిషనే. అయితే ఆ మిషను పట్టుకుని కూర్చున్నది ఊళ్ళో ఆడమనిషి. ఆమె ఆ ఊళ్ళోనే కాపురముండాలి, పొదుపు సంఘం మనిషై ఉండాలి. ముద్ర పడనివాళ్ళకీ, కార్డు ఇంకా అందనివాళ్ళకీ డబ్బు ఆపేయకుండా వేరే దారి ఉంచారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో దీన్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి డబ్బు అంతకుముందుకంటే త్వరగా అందింది. మధ్యలో మింగేది తగ్గింది. వాడినవాళ్ళలో నూటికి తొంభైమంది పైగా ఈ పద్ధతే ఉంచమన్నారు. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ ముద్ర తప్పనిసరి చేసిన తీరునూ చూశారు. ముద్ర తప్పనిసరి చేసినంత మాత్రాన అక్కడ మేత తగ్గలేదు. ఆధార్ లింకు కాని ఇళ్ళలో కొందరికి మాత్రం రేషనే అందకుండా పోయింది. రెండుచోట్లా వేలిముద్రే. ఒకచోట ఊరి మనిషి చేతికింద మిషను పనిచేసింది, రెండోచోట మిషను చెప్పుచేతల్లో మనిషిని ఉంచారు. పథకం గీసేవాళ్ళు మొదటిరోజున తీసుకునే నిర్ణయం ఇది. దాన్ని టెక్నాలజీ మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు.

ఒప్పుదల సంగతికొస్తే నా కోపం ఇంకో మెట్టు ఎక్కుతుంది. మా రోజుల్లో చదువురాని మనిషి దస్తావేజు మీద నిశాని వేయాలంటే లేఖరి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాలి. సాక్షులు పక్కన కూర్చుని వినాలి. విని ఒప్పుకుని వేసిన ముద్ర అని కింద రాసి, లేఖరి తన పేరు పెట్టాలి. రేపు తగాదా వస్తే కోర్టు అతన్నీ పిలుస్తుంది. ఇవాళ "వేలు పెట్టమ్మా", "ఓటీపీ చెప్పమ్మా" అంటారు, అంతే. ఆ వేలు దేనికి ఒప్పుకున్నట్టో, ఆ వివరాలు ఏ ఆఫీసుకి వెళ్తాయో ఒక్కమాట చెప్పరు. చెప్పే తీరిక ఎవరికీ లేదు, అడిగే ధైర్యం ఆమెకి లేదు.

అడగకుండా మేలు చేయబోతే ఏమవుతుందో మా జిల్లాకి బాగా తెలుసు. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఆపే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు ఖమ్మం జిల్లాకి వచ్చింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి వేశారు. వాళ్ళలో ఎంతోమంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కన్నవాళ్ళు ఎక్కడో గూడెంలో ఉంటే, ఒప్పుదల కాగితాల మీద హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. విచారణలో చూసిన 9,543 కాగితాల్లో 2,763 వార్డెన్ల సంతకాలతో ఉన్నాయి. మరో 1,948 కాగితాల మీద వేలిముద్రలున్నాయి. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలై 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. ఒప్పుదల తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. నా బాధంతా అక్కడే. ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడే టీకా అది. తల్లిని కూర్చోబెట్టి చెప్పి, ఆమె ఔనన్నాక వేసి ఉంటే ఆ తల్లే పక్కింటి పిల్లని తీసుకొచ్చేది. అడగకుండా వేసి, మంచి మందుకి చెడ్డపేరు తెచ్చారు.

పోలియో చుక్కలప్పుడు మేము అలా చేయలేదు. "జొరమొస్తదా? మొన్ననే వేశారు గదా, మళ్ళీ ఎందుకు?" అని తల్లులు అడిగేవాళ్ళు. అంగన్‌వాడీ టీచరు, నర్సమ్మ, నేను వాకిట్లో నిలబడి అడిగినన్నిసార్లూ చెప్పేవాళ్ళం. ఒప్పుకోకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళేవాళ్ళం. దేశమంతటా అలాంటి ఓపికే పనిచేసింది. 2014 మార్చిలో మనది పోలియో లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. నమ్మకం కుదరడానికి టైము పడుతుంది. ఆ టైముని పథకం ఖర్చులోనే లెక్కకట్టాలి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఒప్పుదల స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, బలవంతం లేకుండా ఇచ్చినదై ఉండాలని అందులో రాశారు. బాగానే ఉంది. కానీ రాయితీలూ సేవలూ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం తన దగ్గర ఇంతకుముందే ఉన్న వివరాలను మళ్ళీ అడగకుండా వాడుకునే వెసులుబాటు అదే చట్టం ఏడో సెక్షనులో ఉంది. పైగా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను ఇది మార్చేసింది. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న మాట ఆ నిబంధనలో ఉండేది, ఇప్పుడు లేదు. పేదవాడి వివరాలు సర్కారుకి తెరిచిపెట్టి, సర్కారు లెక్కలు పేదవాడికి మూసేస్తే దాన్ని రక్షణ అని ఎలా అంటారు?

ఆ లెక్కలు తెరిస్తే ఏమవుతుందో కూడా మనమే చూశాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం ప్రారంభించారు. గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలని ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను చెప్పింది. ఆ దారి ముందు వేసింది రాజస్థాన్ కూలీలు. అరుణా రాయ్ తదితరులు పెట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్ళో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పైకి చదివించి జనసునవాయి, అంటే ప్రజా విచారణ, జరిపింది. ఆ సంస్థవాళ్ళే 2006లో మన దగ్గరికొచ్చి నేర్పారు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీనికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది.

పని ఎలా జరిగేదంటే, కూలీల ఇళ్ళలో చదువుకున్న పిల్లలు మస్టర్ల నకళ్ళు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళు. నా దగ్గర చదువుకున్నవాళ్ళూ అందులో ఉన్నారు. "అక్కా, మాఘమాసంలో చెరువు పని రెండు వారాలు చేసినట్టు రాసుంది, చేశావా?" అంటే, "మాఘంలో నేను మా అమ్మగారింట్లో పురుడుకి ఉంటిని గదరా!" అని జవాబు. టేపు పట్టి తవ్విన గుంత కొలిచేవాళ్ళు. చివర్న మండలంలో ప్రజావేదిక. షామియానా కింద మైకులో పేరు పేరునా చదువుతుంటే, మస్టరు రాసిన ఫీల్డ్ అసిస్టెంటు లేచి అధికారుల ముందు, కూలీల ముందు సంజాయిషీ చెప్పాలి. తిన్న సొమ్ము అక్కడికక్కడే కట్టినవాళ్ళున్నారు. తేలిన సొమ్ములో రాబట్టింది తక్కువే, తనిఖీకి వెళ్ళిన పిల్లలకి బెదిరింపులూ తప్పలేదు. అయినా కూలికి పోయే మనిషి మైకు పట్టుకుని సర్కారుని "ఎందుకు?" అని అడగడం నేను కళ్ళారా చూశాను. నా ఉద్యోగ జీవితంలో అంత పెద్ద మార్పు ఇంకొకటి చూడలేదు.

తర్వాత సర్కారు నమ్మకం మనుషుల మీంచి ఫోను మీదికి మళ్ళింది. 2023 జనవరి నుంచి పని జరిగే చోట రోజుకి రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి హాజరు లేదు. మరి దొంగ మస్టర్లు ఆగాయా? పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోని ఫొటో తీసి ఎక్కించినవి కూడా ఉన్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. "నేను పురుడుకి పోయిన్రా" అని చెప్పే అక్కని అడగడం మానేసి ఫొటోని నమ్మితే ఇలాగే ఉంటుంది.

నాకు తెలిసిన కుర్రాళ్ళు హైదరాబాద్‌లో, బెంగళూరులో కూర్చుని ఇలాంటి యాప్‌లే తయారుచేస్తున్నారు. తెలివైనవాళ్ళు, చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకీ, వాళ్ళచేత చేయించే అధికారులకీ ఈ ముసలి పంతులు గట్టిగా అడిగేవి కొన్ని ఉన్నాయి. పథకం గీసేముందు దాన్ని వాడబోయే మనుషుల దగ్గరికి వెళ్ళి కూర్చోండి. మీ మిషను పట్టించుకోని అరిగిన వేళ్ళని ముందు చూడండి. ఎవరి కార్డయినా, పింఛనైనా తీసేయాలంటే నోటీసు ఇవ్వండి, ఇంటికి మనిషిని పంపండి, కారణం తెలుగులో రాసివ్వండి. కంప్యూటరు అనుమానం చెప్పొచ్చు, శిక్ష మాత్రం మనిషి సంతకంతోనే పడాలి. ముద్ర వేయించుకునేముందు చదివి వినిపించండి. వద్దంటే బియ్యం ఆగవని కూడా చెప్పండి, ఎందుకంటే కాదనే వీలు లేనిచోట ఔననడానికి విలువ లేదు. లబ్ధిదారుల జాబితా ఏటా ఊళ్ళో పైకి చదవండి. ఎవరి జబ్బేమిటో, ఎవరింట్లో కష్టమేమిటో చదవకండి. ఏది చదవాలో ఏది దాచాలో గ్రామసభనే అడగండి, వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. సామాజిక తనిఖీకి డబ్బులివ్వండి, తనిఖీ చేసే పిల్లలకి రక్షణ ఇవ్వండి, తేలిన సొమ్ము రాబట్టండి.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఒక్కటీ లేదు. అన్నీ ఏదో ఒకచోట, ఏదో ఒక రోజున మన ఊళ్ళల్లో జరిగినవే. అప్పుడు చేయగలిగింది ఇంత డబ్బు, ఇన్ని మిషన్లు చేతిలో ఉన్న ఇప్పుడు చేయలేమంటే నేనొప్పుకోను. పథకం మొదలుపెట్టే రోజున ఊరి నిండా ఫ్లెక్సీలు కడతారు, వాటిమీద పేర్లకి కొదవుండదు. తప్పు జరిగినప్పుడు ఎవరిని అడగాలో ఆ మనిషి పేరు, కూర్చునే చోటు, జవాబివ్వాల్సిన గడువు కూడా అదే ఫ్లెక్సీ మీద, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువేయించండి.